స్కూబా, స్నార్కెల్ మాస్క్‌కు ఆవిరి పట్టకుండా: విశాఖ సముద్రంలో దిగేవారికి సమగ్ర మార్గదర్శి

రుషికొండలో బోటు ఎక్కాక "అన్నా, ఈ మాస్క్‌కి ఏం రాస్తే ఆవిరి పట్టదు?" అని అడిగేవాళ్లు చాలామంది. అసలు పని చేసుకోవాల్సిన వేళ అప్పటికే దాటిపోయి ఉంటుంది. అద్దం నిజంగా శుభ్రంగా ఉంటే కాస్త ఉమ్మి రాసినా చాలు, గంటసేపు చూపు తేటగా ఉంటుంది. అద్దం మీద సిలికాన్ పొరో, కొబ్బరినూనె జిడ్డో ఉంటే మాత్రం ఎంత ఖరీదైన జెల్ రాసినా పది నిమిషాల్లో కళ్ల ముందు తెల్లగా కమ్మేస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఇంటి దగ్గర, తీరిగ్గా చేసుకోవాల్సిన పనే.

ఆవిరి ఎందుకు పడుతుంది

మాస్క్ పెట్టుకున్నాక ముఖానికీ అద్దానికీ మధ్య చిక్కుకునే గాలి మామూలుగా 100 నుంచి 200 మిల్లీలీటర్లు. చెమట, ముక్కులోంచి వచ్చే ఊపిరి కలిసి ఆ గాలిని కాసేపట్లోనే తేమతో నింపేస్తాయి. చర్మం దగ్గర 33, 34 డిగ్రీల వేడి ఉంటుంది. అద్దం మాత్రం అవతలున్న సముద్రపు నీటితో సమానంగా చల్లబడిపోతుంది. 34 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 37 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 27 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 26 గ్రాములే మోయగలదు. ఆ మిగులు అద్దం మీద నీరై దిగుతుంది. 150 మిల్లీలీటర్ల మాస్క్‌లో లెక్కగడితే అది 2 మిల్లీగ్రాములు కూడా ఉండదు, ఒక నీటి బొట్టులో పాతికో వంతు. చూపు మూసేయడానికి అంతే చాలు. అది ఒకేచోట చేరకుండా కంటికి ఆనని సన్న బిందువులుగా అద్దమంతా కూర్చుంటుంది, ప్రతి బిందువూ వెలుగును చెదరగొడుతుంది.

ఆ నీరు దిగకుండా ఆపలేం. అది ఎలా కూర్చోవాలన్నది మన చేతిలో ఉంది. జిడ్డు పట్టిన అద్దం మీద నీరు తామరాకు మీద పడ్డట్టు బిందువులుగా విడిపోతుంది. శుభ్రమైన అద్దం మీద పలుచని పొరలా పరుచుకుంటుంది, ఆ పొరలోంచి అన్నీ స్పష్టంగానే కనబడతాయి. ఉమ్మి, షాంపూ, జెల్ ఇవన్నీ నీటి తలతన్యతను తగ్గించి ఆ పరుచుకోవడానికి సాయపడతాయి. అవి అద్దాన్ని తాకాలి కదా, మధ్యలో జిడ్డు ఉంటే ఆ జిడ్డు మీదే నిలిచి కడుక్కుపోతాయి.

విశాఖలో దీనికి మరో సంగతి తోడవుతుంది. వేసవి మొదట్లో ఈ తీరం వెంబడి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంటుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఆయన వెంట పనిచేసినవారు ఈ విషయాన్ని పరిశీలించి రాశారు. బోటు మీద ఉక్కపోత, ముఖమంతా చెమట, కిందికి దిగగానే చల్లని నీరు. సముద్రం ప్రశాంతంగా ఉండి డైవింగ్‌కి అనువుగా కనబడే మార్చి, ఏప్రిల్ రోజుల్లోనే మాస్క్ ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి ఇదొక కారణం.

ముందు అద్దం రకం తెలుసుకోండి

ఇది చూడకుండా అద్దం తోమడానికి టూత్‌పేస్టు ముట్టుకోకండి. డైవింగ్ మాస్క్‌లలో చాలావాటికి టెంపర్డ్ గ్లాస్, అంటే గట్టిపరిచిన గాజు ఉంటుంది, అద్దం అంచున ఆ మాట సన్నని అక్షరాలతో చెక్కి ఉంటుంది. అలా ఉంటే కింద చెప్పే పేస్టు పద్ధతి పనికొస్తుంది. బీచ్ దుకాణాల్లో దొరికే చవక సెట్లకూ, ముఖమంతా కప్పే ఫుల్‌ఫేస్ స్నార్కెల్ మాస్క్‌లకూ ఉండేది ప్లాస్టిక్. గోటితో తట్టి చూడండి, గాజు కణంగుమంటుంది, ప్లాస్టిక్ చప్పగా మోగుతుంది. ప్లాస్టిక్ మీద పేస్టు రుద్దితే సన్న గీతలు పడతాయి, ఆ గీతల్లో ఆవిరి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. దానికి గిన్నెలు తోమే లిక్విడ్, చేతివేళ్లు తప్ప మరేదీ వాడకూడదు.

లోపలివైపు కంపెనీయే ఆవిరి పట్టని పూత వేసి ఇచ్చిన మాస్క్‌లూ ఉన్నాయి. అట్టపెట్టె మీద గానీ లోపలి కాగితంలో గానీ ఆ మాట ఉంటుంది. వాటికీ పేస్టు వద్దు, మొదటి తోముడుకే పూత లేచిపోతుంది. పవర్ లెన్స్ లోపల అతికించిన మాస్క్ అయితే, ఆ లెన్స్ కూడా గాజుదైతేనే పేస్టు తేలిగ్గా వాడొచ్చు, వేడి మాత్రం తగలనివ్వకూడదు. అతుకు వదిలేస్తుంది.

కొత్త మాస్క్‌ని సిద్ధం చేయడం

కొత్త మాస్క్ అద్దం చూడ్డానికి మెరుస్తుంటుంది గానీ దాని మీద కంటికి కనబడని సిలికాన్ పొర ఉంటుంది. ముఖానికి ఆనే మెత్తని స్కర్ట్ సిలికాన్‌తో చేసిందే. తయారీలోనూ, ఆ తర్వాత మూసిన పెట్టెలో నెలల తరబడి ఉన్నప్పుడూ దాన్నుంచి వచ్చే పదార్థం అద్దం మీద పేరుకుంటుంది. మామూలు సబ్బు దాన్ని కదపలేదు. సన్నగా ఒరిపిడి కావాలి, అందుకే టూత్‌పేస్టు.

తెల్లగా, ముద్దగా ఉండే మామూలు పేస్టు తీసుకోండి. పారదర్శకంగా ఉండే జెల్ పేస్టు వద్దు. బొగ్గు కలిపిన నల్ల పేస్టులు, పళ్లపొడి, గిన్నెలు తోమే సబ్బు బిళ్ల, స్క్రబ్బర్, బూడిద ఇవేవీ వద్దు. గాజు మీద కూడా గీతలు పెట్టగలవు.

మొదట మాస్క్‌ని గిన్నెలు తోమే లిక్విడ్‌తో లోపలా బయటా కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడి అద్దం మీద పేస్టు జారిపోతుంది తప్ప రుద్దుకోదు. ఒక్కో అద్దానికి సెనగగింజంత పేస్టు లోపలివైపు పెట్టి, చూపుడువేలితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రెండు మూడు నిమిషాలు రుద్దండి. పేస్టు ఆరిపోతుంటే ఒక నీటి చుక్క వేయండి, అంతకు మించి వద్దు. చాలామంది అద్దం మధ్యలో బాగా తోమి వదిలేస్తారు. సిలికాన్ ఎక్కువగా ఉండేది స్కర్ట్‌ను ఆనుకున్న అంచులోనే. వేలు పట్టని ఆ మూలల్లోకి మెత్తని పిల్లల టూత్‌బ్రష్‌తో పేస్టు నెట్టి తోమండి. ముక్కు దగ్గర రెండు అద్దాలూ కలిసే చోటును ప్రత్యేకంగా చూసుకోండి. బయటివైపు ఒక్కసారి చాలు.

గోరువెచ్చని నీటితో కడిగేయండి. పేస్టు వాసన పోయేదాకా కడగాలి, లేకపోతే అందులోని పుదీనా ఘాటు నీళ్లలో కళ్లు మండిస్తుంది. ఇది ఒక విడత. కొత్త మాస్క్‌కి మూడు నాలుగు విడతలు మామూలే.

చాలిందో లేదో కంటికి కనబడే పరీక్ష ఉంది. కడిగాక మాస్క్‌ని ఏటవాలుగా పట్టుకుని, లోపలి అద్దం మీదుగా గ్లాసుడు నీళ్లు సన్నగా పోయండి. వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. నీరు అద్దమంతా ఒకే పొరగా పరుచుకుని, పైనుంచి నెమ్మదిగా కిందికి దిగుతూ ఉంటే అద్దం సిద్ధం. ఆ పొర ఎక్కడైనా చిరిగి, అంచులు వెనక్కి లాక్కుని, మధ్యలో పొడి మచ్చ తేలిందంటే అక్కడ సిలికాన్ ఇంకా ఉంది. ఆ మచ్చ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, ఆరాక అక్కడే మళ్లీ పేస్టు పెట్టండి. మూడో విడతకల్లా మచ్చలు అంచుల వైపు జరిగి చిన్నవై పోవడం స్పష్టంగా తెలుస్తుంది. నోటితో "హా" అని ఆవిరి ఊది కూడా చూడొచ్చు గానీ నీటి పరీక్షే నమ్మదగింది. ఎక్కడ మిగిలిందో అది చూపిస్తుంది.

ఒకసారికి వదలని మొండి మాస్క్ అయితే పలుచగా పేస్టు పూసి రాత్రంతా ఉంచి పొద్దున కడగండి.

లైటర్ పద్ధతి గురించి

అద్దం మీద లైటర్ మంట ఆడించి సిలికాన్‌ను కాల్చేయడం డైవర్లలో పాత అలవాటే. పనిచేస్తుంది కూడా. అయినా మొదటి దారిగా దీన్ని చెప్పం. చాలా కంపెనీలు వద్దంటాయి, ఒక్క క్షణం ఏమరితే స్కర్ట్ కాలి మాస్క్ పనికిరాకుండా పోతుంది. పేస్టు నాలుగైదు విడతలైనా నీటి పొర చిరుగుతూనే ఉంటే, అదీ టెంపర్డ్ గ్లాస్ అని నిర్ధారించుకున్నాకే ఆలోచించండి. ఫ్రేమ్ లేకుండా సిలికాన్‌కే అద్దం అతికిన ఫ్రేమ్‌లెస్ మాస్క్‌కీ, పూత ఉన్నదానికీ, ప్లాస్టిక్‌కీ దీన్ని అసలు చేయకూడదు.

చేసేవాళ్లు మామూలు లైటరే వాడాలి, గ్యాస్ పొయ్యి కాదు. మాస్క్ పొడిగా ఉండాలి. మంట కొన మాత్రమే అద్దాన్ని తాకేలా, ఎక్కడా రెండు సెకన్లకు మించి నిలపకుండా జరుపుతూ పోవాలి. నల్లగా మసి పడుతుంది, అది పడ్డ చోటు అయిందని గుర్తు. అంచులకు ఒక సెంటీమీటరు ఇవతలే ఆపేయండి. వేడి అద్దం మీద నీళ్లు పోయకండి. తనంతట తాను చల్లారాక మసి తుడిచి, ఒక విడత పేస్టు, ఆ తర్వాత లిక్విడ్‌తో కడగండి. అంచుల్లో మిగిలిందాన్ని బ్రష్‌తోనే తీయాలి.

ముందురోజు రాత్రి

ఇంత చేసిన అద్దాన్ని పాడుచేసేది మన ముఖమే. తలకు నూనె రాసుకుని సముద్రానికి వస్తే, మాస్క్ తీసి పెట్టుకున్న ప్రతిసారీ ఆ నూనె స్కర్ట్ మీదుగా అద్దానికి చేరుతుంది. ముందురోజు తలంటుకుని రండి, పొద్దున నూనె పెట్టకండి. ఫేస్ క్రీమ్, పౌడర్, కాటుక కూడా మానేయాలి. కాటుక అద్దానికి అంటడమే కాదు, కళ్లలో కరిగి మంట పెడుతుంది. నుదుటి మీద స్టిక్కర్ బొట్టు సరిగ్గా స్కర్ట్ ఆనే చోట ఉంటే నీరు కారుతుంది, తీసేసి దిగండి.

సన్‌స్క్రీన్ మానమని చెప్పం, మన ఎండకు అది కావాలి. బయల్దేరే ముందే, దిగడానికి అరగంట ముందు రాసుకుని చర్మంలో ఇంకనివ్వండి. మాస్క్ కప్పే భాగానికి ఎండ తగలదు గనక అక్కడ అక్కర్లేదు. చెవులకూ, మెడకూ, బుగ్గల దిగువకూ రాసుకుంటే చాలు. రాసుకున్న చేతిని సబ్బుతో కడిగాకే మాస్క్ ముట్టుకోండి.

మీసం ఉన్నవాళ్లకు ముక్కు కింద నుంచి నీరు సన్నగా ఊరుతుంది. ఊరిన నీటిని ముక్కుతో ఊది బయటికి పంపుతున్న ప్రతిసారీ లోపలికి కొత్త తేమ చేరుతుంది, రాసిన పూతా కడుక్కుపోతుంది. మీసానికి వేజలైన్ రాయడం కొందరి అలవాటు, అది అద్దానికి అంటితే ఇక ఆ రోజుకి అంతే. ముక్కు రంధ్రాల కింద మీసం పైఅంచును అర సెంటీమీటరు మేర కత్తిరించుకుంటే సరిపోతుంది. మీసం పోనవసరం లేదు.

దిగే ముందు రాసేది

మా మొదటి ఎంపిక పిల్లల షాంపూ ద్రావణం. కళ్లు మండని బేబీ షాంపూ 25 మిల్లీలీటర్లు, తాగునీరు 75 మిల్లీలీటర్లు కలిపి 100 మిల్లీలీటర్ల స్ప్రే సీసాలో పోసుకోండి. కుదిపితే నురగ వస్తుంది, అందుకే నెమ్మదిగా తిప్పి కలపండి. నీళ్లు కలిపాక షాంపూ ఎక్కువ రోజులు నిలవదు, వారానికోసారి పారబోసి కొత్తది కలుపుకోండి. పెద్దవాళ్ల షాంపూ, గిన్నెల లిక్విడ్ కూడా ఆవిరిని ఆపుతాయి గానీ కంట్లో పడితే నీళ్లలో కళ్లు తెరవలేరు. అది ప్రమాదం.

పొడి అద్దం మీద లోపలివైపు ఒక్కో అద్దానికి రెండు మూడు చుక్కలు వేసి, మూలలతో సహా వేలితో పరచండి. ఒక నిమిషం ఆగండి. తర్వాత సముద్రపు నీటిలో ఒక్కసారి ముంచి, కొంచెం నీరు లోపలే ఉంచి గుండ్రంగా తిప్పి పారబోయండి. అంతే. వేలు పెట్టి మళ్లీ రుద్దకూడదు, రెండోసారి ముంచకూడదు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. కళ్లు మండుతాయేమోనన్న భయంతో నాలుగైదుసార్లు కడిగి, రాసిందంతా వదిలించేస్తారు. సరిగ్గా చేస్తే అద్దం మీద కాస్త తడి మెరుపు మిగులుతుంది. మొదటి నిమిషంలో అలలు అలలుగా కనబడితే ద్రావణం కొంచెం ఎక్కువైందని అర్థం, అదే సర్దుకుంటుంది.

ఉమ్మి తక్కువదేం కాదు. అందులోని జిగురు పదార్థం నీటిని చక్కగా పరుస్తుంది. అద్దం పొడిగా ఉన్నప్పుడు ఉమ్మి, వేలితో అంతటా రుద్ది, ఒక్కసారి ముంచి తీయాలి. తడి మాస్క్‌లో ఉమ్మితే పలచనై జారిపోతుంది. పెసరట్టు, పూరీ తిన్న నోటితో అయితే ముందు నీళ్లతో పుక్కిలించండి, నూనె అద్దానికి చేరుతుంది. అద్దె మాస్క్‌లో మాత్రం ఉమ్మి వాడొద్దు, మీ తర్వాత మరొకరు పెట్టుకుంటారు. బోటులో అందరి మాస్క్‌లూ ముంచే ఉమ్మడి బకెట్‌కి బదులు సముద్రంలోనే ముంచుకోండి.

డైవింగ్ దుకాణాల్లో దొరికే జెల్ ఒక్కో అద్దానికి ఒక్క చుక్క చాలు. డబ్బు పెట్టి కొన్నాం కదా అని పులిమితే చూపు మసకబారుతుంది.

బోటు మీద

మాస్క్ రాసి సిద్ధం చేసుకున్నాక నీళ్లలో దూకే ఆఖరి నిమిషం దాకా ముఖానికి పెట్టకండి. ఎండలో పెట్టుకుని కూర్చుంటే దిగకముందే లోపల చెమట ఆవిరి నిండిపోతుంది. నుదుటి మీదికి నెట్టుకోవడం ఇంకా చెడ్డ అలవాటు. నుదుటి వేడి, చెమట, జుట్టులోని జిడ్డు నేరుగా అద్దానికి చేరతాయి. పైగా అల వచ్చిందంటే మాస్క్ కొట్టుకుపోతుంది. చేతిలో పట్టుకోండి, లేదా మెడలో వేసుకోండి.

పెట్టుకునే ముందు చేతులతో సముద్రపు నీళ్లు ముఖం మీద బాగా చల్లుకోండి. ముఖం చల్లబడితే చెమట తగ్గుతుంది, అద్దానికీ ముఖానికీ వేడిలో తేడా తగ్గుతుంది. వెంట్రుకలు స్కర్ట్ కింద చిక్కకుండా వెనక్కి తోసుకోండి. స్ట్రాప్ బిగించడం వల్ల నీరు ఆగదు, స్కర్ట్ మడతపడి ఇంకా కారుతుంది.

నీళ్లలో ఉండగా

ఊపిరి నోటితోనే పీల్చి నోటితోనే వదలాలి. ముక్కుతో వదిలిన ప్రతి ఊపిరీ లోపలికి కొత్త తేమను పంపుతుంది. ఒక్క మినహాయింపు: స్కూబాలో, అంటే వీపున గాలి సిలిండర్‌తో, కిందికి దిగేటప్పుడు ఒత్తిడికి మాస్క్ ముఖానికి అతుక్కుంటుంది, అప్పుడు ముక్కుతో కాస్త గాలి వదిలి తీరాలి. ఆవిరికి భయపడి ఇది మానేస్తే కళ్ల చుట్టూ రక్తనాళాలు చిట్లుతాయి. ముక్కు బయటే ఉండే ఈత గాగుల్స్‌తో లోతుకు దిగకూడదనేది అందుకే.

చూపు మసకబారితే ముందు అది ఆవిరేనా అని చూసుకోండి. విశాఖ తీరంలో ఇసుక లేచి నీరే మసకగా ఉండే రోజులు చాలా ఉంటాయి. గాలి, లోతు చూపే మీటరు (గేజ్)ను కళ్ల ముందుకు తెచ్చుకోండి. అంకెలు తేటగా కనబడి, పక్కనున్న మనిషి మసగ్గా ఉంటే నీటి సంగతి. అంకెలే మసకబారితే మాస్క్ సంగతి.

మాస్క్‌దే అయితే పైకి పరుగెత్తకండి. స్కూబాలో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఆవిరితో ఏమీ కాదు. మొదటిసారి దిగినవాళ్లు అరచేతిని అటూ ఇటూ ఊపి, మాస్క్ వైపు వేలు చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్‌కి అర్థమవుతుంది. నేర్చుకున్నవాళ్లు ఇలా చేయండి: నోటితో మామూలుగా ఊపిరి తీస్తూ, మాస్క్ పైఅంచును నుదుటి నుంచి వెంట్రుకవాసి ఎడంగా లాగండి. రెండు మూడు చెంచాల నీరు అద్దం మీదుగా లోపలికి జారుతుంది. వెంటనే వదిలేసి, ముఖం కిందికి వంచి తలను అటూ ఇటూ ఊపండి. నీరు అద్దమంతా తిరిగి బిందువులను ఊడ్చేస్తుంది. ఇప్పుడు కొంచెం పైకి చూస్తూ, ఫ్రేమ్ పైభాగాన్ని నుదుటికి నొక్కి పట్టి, ముక్కుతో నిదానంగా ఊదండి. నీరు కింది నుంచి పోతుంది. ఇలా చేసినకొద్దీ రాసిన పూత పలచబడుతుంది గనక అవసరమైతేనే చేయండి. స్నార్కెలింగ్‌లో అయితే తేలుతూనే చేసుకోవచ్చు. ఇవన్నీ ముందు స్విమ్మింగ్ పూల్లో అలవాటు చేసుకోండి. ఆర్కే బీచ్ కెరటాల్లో సాధన వద్దు, అక్కడి లాగుడు ఈతగాళ్లను కూడా లోపలికి తీసుకుపోతుంది.

ఆవిరి పట్టిన తీరు చూసి తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు

దిగిన ఐదు నిమిషాల్లో అద్దమంతా ఒకేలా మూసుకుపోతే సిలికాన్ ఇంకా ఉంది, పేస్టుతో మళ్లీ మొదలుపెట్టండి. అంచులు, మూలల్లోనే పడితే తోమడం గానీ రాయడం గానీ మధ్యలోనే జరిగింది. వేలిముద్ర ఆకారంలో మచ్చ కనబడితే కడిగాక ఎవరో లోపల ముట్టుకున్నారు. ఇరవై నిమిషాలు బాగుండి తర్వాత మొదలైతే ద్రావణం ఎక్కువ కడిగేసి ఉంటారు, లేదా ముక్కుతో ఊపిరి వదులుతున్నారు. కారుతున్న స్కర్ట్ కూడా ఇదే పని చేస్తుంది. పూత ఉన్న మాస్క్‌లో మచ్చలు మచ్చలుగా పడితే పూత లేచింది, మిగిలింది కూడా ఎక్కువ కాలం ఉండదు. ఫుల్‌ఫేస్ మాస్క్‌లో ఆవిరి పడితే సాధారణంగా లోపల ముక్కూ నోరూ కప్పే చిన్న కప్పు మీ ముఖానికి సరిపోలేదని అర్థం, సైజు మార్చాలి. అలాంటి మాస్క్‌తో లోతుకు మునగకూడదు.

ఇంటికి తెచ్చాక

మంచినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఉప్పు పోయేలా కడిగి, నీడలో అద్దం కిందికి ఉండేలా ఆరబెట్టండి. లోపల తువ్వాలుతో గానీ చీర కొంగుతో గానీ తుడవొద్దు, నూలు పోగులూ బట్టల సబ్బూ అద్దానికి అంటుకుంటాయి. మన ఊరి తేమకు తడి మాస్క్‌ని పెట్టెలో మూసేస్తే వారంలో స్కర్ట్ మీద నల్లటి బూజు చుక్కలు వస్తాయి, అవి సిలికాన్‌లోకి దిగితే పోవు. కాళ్లకు తొడిగే నల్ల రబ్బరు ఫిన్స్‌ను ఆనుకుని పెడితే తెల్ల స్కర్ట్ రంగు మారుతుంది. కారు డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి సిలికాన్ మళ్లీ అద్దం మీదికి చేరుతుంది.

కొన్ని నెలలు వాడకుండా ఉంచిన మాస్క్ ఏదైనా సరే, తీసిన రోజే నీళ్లు పోసి పరీక్షించండి. పొర చిరగకపోతే కడుక్కుని వాడుకోవచ్చు. చిరిగితే సెనగగింజంత పేస్టు, ఒక విడత.